మోకాళ్ల నొప్పి, బరువు రెండూ తగ్గిస్తామని అమ్ముతున్న తెల్ల డబ్బాలతో జాగ్రత్త: నల్గొండలో నాకు జరిగింది ఇది

ముందే ఒక మాట. ఈ పోస్టు చదివేటప్పటికే మీరు ఇలాంటి గోలీలు నెలా రెండు నెలలుగా వాడుతుంటే, భయపడి ఇవాళే ఆపేయకండి. డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎందుకో కింద చెప్తాను.

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు ఉన్న అక్కచెల్లెళ్లు, ముఖ్యంగా ముట్టు ఆగిపోయాక ఒళ్లు పెరిగి మోకాళ్లు పట్టేసినవాళ్లు ఇది పూర్తిగా చదవండి. మా సంఘం మీటింగ్ అయ్యాక ఒకామె వచ్చి కూర్చుంది. బరువుకు పొడి, నొప్పులకు గోలీలు, మూడు నెలల కోర్సు, అంతా మూలికలే అని చెప్పింది. నేను 11,400 రూపాయలు ఫోన్‌లో పంపి కొన్నాను. బిల్లు అడిగితే తర్వాత ఇస్తానంది. ఇప్పటిదాకా ఇవ్వలేదు.

నాకు 53 ఏళ్లు. 49కి నెలసరి ఆగింది. ఆ తర్వాత రెండేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను. తినే తిండి మారలేదు, కానీ పెరిగిందంతా పొట్ట చుట్టూ చేరింది. రాత్రిళ్లు ఒంట్లో సెగలు, నిద్ర పట్టదు. కుడి మోకాలు మెట్లెక్కుతుంటే కటకటమనేది. కింద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. నడిస్తే నొప్పి, నడవకపోతే బరువు. ఆ బాధలో ఉన్న మనిషికి ఎవరు ఏం చెప్పినా నమ్మాలనిపిస్తుంది.

పైగా నేను పుట్టింది మర్రిగూడ మండలంలో. మా పక్క నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. నడుము వంగిపోయి, కాళ్లు వంకర్లు తిరిగిన మనుషుల మధ్య పెరిగినదాన్ని. గోలీలు అమ్మినామె సరిగ్గా అదే పట్టుకుంది. "అక్కా, చిన్నప్పటి ఫ్లోరైడ్ నీ ఎముకల్లో పేరుకుంది, అందుకే కీళ్లు బిగుసుకున్నయి. మా పొడి దాన్ని కరిగించి మూత్రంలో పంపేస్తది" అంది. నా గుండెకు తగిలింది ఆ మాట.

తర్వాత డాక్టర్ అన్నారు, ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను కరిగించే మందు లేదమ్మా అని. మందు ఉంటే మన జిల్లాలో ఇన్నేళ్లు నీళ్ల కోసం అంత కష్టం ఎందుకు? పటిక, సున్నం వేసి నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడమే దారి. నా ఎక్స్‌రేలో తేలింది మామూలు కీలు అరుగుదల. ఫ్లోరైడ్ పేరు చెప్పి ఎవరైనా పొడి అమ్మితే అక్కడే లేచి వచ్చేయండి.

గోలీలు మొదలుపెట్టిన ఐదో రోజుకు నొప్పి మాయమైంది. నిజంగా మాయమే. గడియారం సెంటర్ నుంచి రామగిరిలో మా ఇంటిదాకా ఆగకుండా నడిచాను. పొడి వేసుకుంటే రోజుకు నాలుగైదు సార్లు విరేచనం అయ్యేది. రెండు వారాల్లో మూడు కిలోలు దిగాను. సంతోషం పట్టలేక మా వదినకు చెప్పాను, పక్కింటి ఆమెకు చెప్పాను. నా మాట మీద వాళ్లిద్దరూ కొన్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

రెండో నెలలో ముఖం గుండ్రంగా ఉబ్బింది. మెడ వెనక గడ్డలా లేచింది. విపరీతమైన ఆకలి, అర్ధరాత్రి లేచి బువ్వ తినేదాన్ని. చేతికి ఏది కొంచెం తగిలినా నల్లగా కమిలిపోయేది. దిగిన మూడు కిలోలూ వచ్చి, ఇంకో నాలుగు ఎక్కాయి. ఎన్నడూ లేని షుగర్ 260 చూపించింది. అమ్మినామెకు ఫోన్ చేస్తే, "విషం బయటికి పోతోంది అక్కా, అట్లనే ఉంటది, ఆపకు" అంది.

డబ్బా అయిపోయింది, కొత్తది రాలేదు, ఆపేశాను. మూడో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయాను. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోయింది, కీళ్లన్నీ ముందుకంటే రెట్టింపు నొప్పి. మా ఆయన, మా అబ్బాయి ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టర్ నా ముఖం చూడగానే ఏం మందులు వాడావని అడిగారు. పొద్దున్నే రక్తం తీసి కార్టిసాల్ (ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్) పరీక్ష చేస్తే చాలా తక్కువ వచ్చింది. ముఖం ఇలా ఉబ్బి, కార్టిసాల్ ఇలా పడిపోయిందంటే బయటి నుంచి స్టెరాయిడ్ వెళ్లిందనడానికి గట్టి గుర్తు అన్నారు.

నాకు అర్థమైనంతలో చెప్తాను. మన ఒంట్లో కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కొంత స్టెరాయిడ్‌ను తామే తయారుచేస్తాయి. బయటి నుంచి వారాల తరబడి వేసుకుంటే అవి పని మానేస్తాయి. అప్పుడు ఉన్నపళంగా ఆపితే ఒంట్లో అసలు ఏమీ ఉండదు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టర్ రాసిన స్టెరాయిడ్ గోలీలు కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపాల్సి వచ్చింది. పొడిలో విరేచనాల మందు ఉండి ఉంటుందని, మూడు కిలోలు పోయింది నీళ్లే గానీ కొవ్వు కాదని కూడా చెప్పారు.

మన వయసు ఆడవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ముట్టు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఎముకలు అసలే పలచబడుతుంటాయి. స్టెరాయిడ్ వాటిని ఇంకా గుల్ల చేస్తుంది.

స్టెరాయిడ్ మంచి మందే, డాక్టర్ చేతిలో ఉన్నప్పుడు. మూలికల పేరుతో దొంగతనంగా కలిపి పెట్టడమే ఘోరం. ఇప్పుడు ఆ డబ్బా చూస్తే నాకే ఆశ్చర్యం, ఎలా కొన్నానా అని. తయారుచేసినవాళ్ల చిరునామా లేదు, లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు. ఆయుర్వేద మందైనా ఇవన్నీ ఉండాల్సిందే. కొన్ని డబ్బాల మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉంటుంది. అది తినే వస్తువులు తయారుచేసి అమ్మేవాళ్లకు ఇచ్చేది, జబ్బు తగ్గిస్తుందని ఇచ్చిన అనుమతి కాదు. స్థూలకాయం, కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. బరువు తగ్గించే సిబుట్రమైన్ అనే మందును గుండెకు ప్రమాదమని మన దేశంలో 2011లో నిషేధించారు. అలాంటివి కూడా ఈ పొడుల్లో కలుపుతుంటారట.

వదిన మూడు వారాలే వాడింది. ఆమెనూ పక్కింటి ఆమెనూ నేనే వెంటబెట్టుకుని డాక్టర్‌కు చూపించాను, ఇద్దరూ బాగున్నారు.

ఇప్పుడు నేను చేస్తున్నది చాలా మామూలు పని. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పది సెకన్లు నిలపడం, రెండు పూటలా. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని ఫిజియోథెరపిస్ట్ నేర్పింది. రాత్రికి అన్నం మానేసి ఒక జొన్నరొట్టె, పప్పు, గుడ్డు. చదునైన దారిలో ఇరవై నిమిషాల నడక. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుందట. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ కింద కూర్చుంటే నా అంతట నేను లేస్తున్నాను.

ఖాళీ డబ్బాలు, మిగిలిన పొడి, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, అమ్మినామె వాట్సాప్ మెసేజ్‌లు, ఆస్పత్రి కాగితాలు అన్నీ ఒక సంచిలో దాచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, వచ్చే వారం వేస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి డబ్బా ఉంటే కోపంలో పారేయకండి, ముందు ఫొటో తీసి దాచిపెట్టండి. ఈ చుట్టుపక్కల కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం.