ఒక్క రూపాయి ట్రయల్ అన్నారు, 999 పోయాయి: గ్రూపులో లింక్ చూసి వేసుకున్న మాక్ టెస్ట్ యాప్

నా రేటింగ్ 5కి 1. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి, పేరు మార్చుకుని మళ్లీ వస్తాయి. పద్ధతి తెలిస్తే చాలు.

మా తమ్ముడు హనుమకొండలో హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాడు. వాడున్న టెలిగ్రామ్ గ్రూపులో రోజూ కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు వస్తాయి, అవి నిజంగానే పనికొస్తాయి, అందుకే అక్కడ ఏం పెట్టినా పిల్లలు నమ్మేస్తారు. ఒకరోజు అడ్మిన్ ఈ యాప్ లింక్ పెట్టి "మన గ్రూపువాళ్లకే, 1 రూపాయికి అన్ని టెస్టులు, ఈ రాత్రి 12 దాకానే" అన్నాడు. వెంటనే కింద వరసగా "థ్యాంక్స్ అన్నా, వర్క్ అవుతోంది" అని మెసేజ్‌లు. ఆ లింక్ చివర రెఫరల్ కోడ్ ఉందని, చేరిన ప్రతి ఒక్కరి మీద అడ్మిన్‌కి కమిషన్ వస్తుందని తర్వాత యాప్‌లోని రెఫరల్ పేజీ చదివితే తెలిసింది.

మూడు రోజులకి 499 కట్ అయింది. వాడు భయపడి యాప్ తీసేశాడు, ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి మళ్లీ 499. అప్పుడు ఫోన్ చేశాడు. "అక్కా, యాప్ తీసేసిన కదా, మళ్ల ఎట్ల కట్ అయినయ్?" అన్నాడు. మెస్ బిల్లుకి నాన్న పంపిన డబ్బులవి.

అసలు విషయం ఇక్కడే ఉంది. యాప్ డిలీట్ చేస్తే ఫోన్‌లోంచి యాప్ పోతుంది, బ్యాంకుకి మనం ఇచ్చిన అనుమతి పోదు. ఆ 1 రూపాయి కట్టేటప్పుడు వాడు పిన్ కొట్టింది ఒక్క రూపాయికి కాదు, ఆటోపేకి, అంటే నెలనెలా డబ్బు దానంతటదే తీసుకోవడానికి. నేను నా ఫోన్‌లో యాప్ వేసుకుని పేమెంట్ దాకా వెళ్లి చూశాను. పైన పసుపు రంగులో పెద్దగా ₹1, దాని కింద తెల్ల స్క్రీన్ మీద లేత బూడిద రంగులో "3 రోజుల తర్వాత నెలకు ₹499". పేజీ మూసే గుర్తు నాలుగైదు సెకన్ల దాకా కనపడదు. తర్వాత యూపీఐ స్క్రీన్‌లో "ఆటోపే, నెలనెలా, గరిష్ఠంగా ₹1,999" అని స్పష్టంగానే ఉంది, కానీ 12 దాటిపోతుందన్న టెన్షన్‌లో ఉన్న పిల్లాడు అది చదవడు, పిన్ కొట్టేస్తాడు.

ఒకసారి అలా పిన్ కొడితే తర్వాతి కోతలకి మళ్లీ అడగరు. అలా అడగకుండా తీసుకునే పరిమితిని రిజర్వ్ బ్యాంక్ 2022 జూన్‌లో 5,000 నుంచి 15,000కి పెంచింది. అయితే డబ్బు తీసే 24 గంటల ముందు మనకి తెలియజేయాలన్న రూలు కూడా ఉంది. తమ్ముడి ఫోన్‌లో వెతికితే రెండుసార్లూ ఎస్ఎంఎస్ వచ్చే ఉంది, రీచార్జ్ ఆఫర్ల మధ్యలో.

పోనీ టెస్టులైనా బాగున్నాయా అంటే అదీ లేదు. విద్యాహక్కు ఇచ్చే 21ఏ అధికరణ రాజ్యాంగంలోకి ఏ సవరణతో వచ్చిందన్న ప్రశ్నకి 42 అని జవాబిచ్చారు. అది 2002 నాటి 86వ సవరణ. పరీక్షకి చదివే పిల్లలకి డబ్బు తీసుకుని తప్పు నేర్పిస్తున్నారు, నాకు దీని మీదే ఎక్కువ కోపం వచ్చింది.

యాప్‌లో క్యాన్సిల్ బటన్ ఎక్కడా దొరకలేదు. ఏ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారో అందులో ప్రొఫైల్‌లోకి వెళ్తే ఆటోపే అని ఉంటుంది, అక్కడ రద్దు చేశాం. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే మాత్రం ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో చూడాలి. రెండుచోట్లా చూడండి, ఒకచోట ఉన్నది ఇంకోచోట కనపడకపోవచ్చు. బ్యాంకువాళ్లు పిన్ మీరే కొట్టారు కదా అన్నారు. అప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు పెట్టాం. ఇలా సులువుగా చేర్చుకుని బయటికి పోనివ్వకపోవడాన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటారు, 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే యాప్‌లు, సైట్లు మనల్ని తప్పుదారి పట్టించే పద్ధతుల్లో, అదొకటి. ఫిర్యాదులో ఆ మాట రాశాం. ఒక నెల 499 వెనక్కి వచ్చింది, రెండోది ఇంకా రాలేదు.

తమ్ముడు అదే గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడితే అడ్మిన్ నిమిషాల్లో డిలీట్ చేసి వీణ్ని తీసేశాడు. ఆ రాత్రి వాడి రూంలో మిగతా ముగ్గురి ఫోన్లూ తెరిపించి ఆటోపే చూడమన్నాను. ఇద్దరికి ఇదే యాప్ యాక్టివ్‌లో ఉంది, ఒకబ్బాయికి మర్నాడే కోత. వీడియో కాల్‌లో ఉండగానే ఇద్దరివీ రద్దు చేయించాను.