రక్తం పట్టాలంటే బీట్‌రూటా, కార్జమా, మాత్రా?

పోయినేడు పరీక్షలో నా హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి కదా, ఇంట్లో అందరూ డాక్టర్లైపోయారు. అత్తయ్యగారు బీట్‌రూట్ జ్యూస్ అన్నారు. పక్కింటి పిన్నిగారు ఖర్జూరాలు నానబెట్టుకోమన్నారు. మావారు ఆదివారం ఆదివారం కార్జం తెస్తానన్నారు. గుంటూరు కొత్తపేటలో చూపించుకుంటే డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. ఇప్పుడు నాది 12 దాటింది కాబట్టి మా బ్రాడీపేటలో ఎవరికి రక్తం తగ్గినా "నువ్వేం వాడావమ్మా?" అని నన్నే అడుగుతున్నారు.

ఎందులో ఎంత ఐరన్ ఉంది అనే లెక్క నన్నూ చాలా రోజులు మోసం చేసింది. అందులో ఎంత మన రక్తంలోకి వెళ్తుందనేదే అసలు లెక్క.

యాభై అయిదు కిలోల మనిషికి హిమోగ్లోబిన్ 9 నుంచి 12కి పెరగాలంటే ఒంట్లోకి అదనంగా సుమారు 400 మిల్లీగ్రాముల ఐరన్ చేరాలి. వంద గ్రాముల పచ్చి బీట్‌రూట్‌లో ఉండేది ఒక మిల్లీగ్రాము కూడా కాదు. రోజూ పెద్ద గ్లాసుడు తాగితే మిల్లీగ్రామున్నర వస్తుందనుకుందాం. కూరగాయల్లోని ఐరన్ మనకు పట్టేది మామూలుగా పదో వంతు లోపే. ఆ లెక్కన 400 చేరడానికి ఏడేళ్లు పడుతుంది, అదీ నెలనెలా పోయే రక్తాన్ని లెక్కలోకి తీసుకోకుండా! ఆ ఎరుపు బెటానిన్ అనే రంగుది, ఐరన్‌ది కాదు. రక్తంలా కనిపిస్తుంది గనక రక్తం పడుతుందని మనం అనుకుంటాం, అంతే. ఖర్జూరాల సంగతీ ఇంతే. పైగా ఒళ్లంతా చక్కెర.

కార్జం వేరు. మాంసంలో ఉండే హీమ్ రకం ఐరన్ సులువుగా పడుతుంది. వంద గ్రాముల వేట కార్జంలో ఆరేడు మిల్లీగ్రాములు ఉంటుంది, టీ తాగినా దీనికి పెద్దగా దెబ్బ తగలదు. తినేవాళ్లకు తిండిలో ఇంతకు మించినది లేదని నా అభిప్రాయం. కానీ వారానికి ఒక్కసారి తినేదానితో 9 నుంచి 12కి ఎక్కడం కష్టం. 12 దాటాక నిలబెట్టుకోవడానికి పనికొస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు, విటమిన్ ఎ మరీ ఎక్కువ.

ఇక మాత్ర. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వాసుపత్రుల్లో పెద్దవాళ్లకు ఇచ్చేదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పదో వంతే పట్టిందనుకున్నా రోజుకు 6. ఏడేళ్ల పని రెండు మూడు నెలల్లో అవుతుంది. నేను మాత్ర వైపే, దాచేదేం లేదు.

అయినా నా మొదటి రెండు నెలలూ వృథా అయ్యాయి. ఇడ్లీ తినడం, మాత్ర వేసుకోవడం, వెంటనే టీ. రెండు నెలల తర్వాత చూస్తే 9.4! టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసి సగానికి పైగా బయటికి పంపేస్తాయట. దాంతో పాటే మింగుతున్న క్యాల్షియం మాత్ర కూడా అడ్డమే. డాక్టరుగారు రెండింటికీ వేర్వేరు పూటలు రాశారు, మర్చిపోకుండా ఉంటుందని కలిపి మింగింది నేనే. తర్వాత పొద్దున్నే పరగడుపున నిమ్మరసంతో మాత్ర, గంటన్నర ఆగి టీ, క్యాల్షియం రాత్రికి.

కడుపులో మంట, మలబద్ధకం వస్తే మానేయకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడగండి. మాత్ర పడ్డాక కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది, అది మర్నాటి మాత్రను సరిగా పట్టనివ్వదు. అందుకే విడిచి వేసుకున్నా పెద్ద నష్టం లేదు. గర్భిణులు మాత్రం సొంతంగా ఇలా మార్చుకోకూడదు. విరేచనం నల్లగా అయితే కంగారొద్దు, అది మామూలే. 12 వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడమంటారు, ఒంట్లో నిల్వ కోసం.

సిరప్‌లు పిల్లలకు, మాత్ర మింగలేనివాళ్లకు. ఐరన్ సెలైన్‌లో ఎక్కించేది డాక్టరు చెప్తేనే.

ఇంకోటి. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలున్నాయని మా పిన్ని ఇప్పటికీ ఏరిపారేస్తుంది. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, వందకు ఒకటి చొప్పున కలిపినవి. అలా కలిపిన బియ్యంలో కిలోకు కనీసం 28 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. కిలో బీట్‌రూట్‌లో ఉండే ఐరన్ ఆ బియ్యం మూడు వందల గ్రాములు వండుకుంటేనే వచ్చేస్తుంది. ఏరిపారేసి, ఆ చేత్తోనే రైతుబజారుకెళ్లి బీట్‌రూట్ తెచ్చుకుంటుంది!

ఇదంతా నెలసరి వచ్చే ఆడవాళ్ల మాట. మా బాబాయికి యాభై ఎనిమిది, హిమోగ్లోబిన్ 10. ఆయనా నన్ను జ్యూసా మాత్రా అనే అడిగాడు. రెండూ వద్దు, ముందు కడుపు చూపించుకోమన్నాను. ఆ వయసు మగవాడికి రక్తం తగ్గితే ఎక్కడో కారుతోందేమో చూడాలి. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగిన మాత్రలకు కడుపులో పుండు పడిందని ఎండోస్కోపీలో తేలింది. ఆయన జ్యూస్ తాగుతూ కూర్చున్న ఆర్నెల్లూ అది కారుతూనే ఉంది.