ఎన్‌సీసీ, స్కౌట్స్, స్కూల్ గేమ్స్: హైస్కూలు పిల్లలకు ఏది మేలు?

ఏటా జూన్‌లో బళ్లు తెరవగానే తల్లిదండ్రులు అడిగేది ఇదే: "మావాడు ఎనిమిదిలోకి వచ్చాడు. బడిలో ఎన్‌సీసీ ఉంది, స్కౌట్స్ ఉంది. పీఈటీ సారేమో కబడ్డీ టీములో ఉంచమంటున్నారు. దేంట్లో వేయమంటారు?" ఎక్కువమంది దీనికి కోటాలు చూసి జవాబు చెబుతారు. కోటాల సంగతి నేనూ చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. పిల్లవాడు మధ్యలో మానేయాల్సి వస్తే చేతిలో ఏం మిగులుతుంది?

మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట అడగక తప్పదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఎంతమంది బడి మారుతున్నారో చూడండి. ఒకరికి గురుకులంలో సీటొస్తుంది, ఇంకొకరిని ఫౌండేషన్ కోచింగ్ ఉన్న బడిలో వేస్తారు, మరొకరి నాన్నకు బదిలీ అవుతుంది. ఎక్కడికీ కదలకపోయినా పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలైతే సాయంత్రాలన్నీ వాటికే పోతాయి. కాబట్టి దేంట్లో చేర్చినా దాని నిబంధనలను ఈ కోణంలో చదవాలి.

ఎన్‌సీసీ: రెండేళ్లు, ఒకే గీత

హైస్కూలు పిల్లలకు ఉండేది జూనియర్ డివిజన్, అమ్మాయిలకైతే జూనియర్ వింగ్. చేరడానికి పన్నెండేళ్లు నిండాలి. మన బళ్లలో ఎనిమిదిలో చేర్చుకుని తొమ్మిది చివర్లో 'ఎ' సర్టిఫికెట్ పరీక్షకు పంపుతారు. పరీక్షకు కూర్చోవాలంటే రెండేళ్ల శిక్షణ పూర్తవ్వాలి, మొత్తం పీరియడ్లలో కనీసం 75 శాతం హాజరుండాలి, ఒక వార్షిక శిక్షణ శిబిరం చేసి ఉండాలి.

ఎక్కువమందిని దెబ్బతీసేది హాజరే. 75 శాతం అనేది ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా చూసేది కాదు, రెండేళ్లకూ కలిపి లెక్క. ఉదాహరణకు ఏడాదికి 40 పరేడ్‌ల చొప్పున మొత్తం 80 జరిగాయనుకుందాం. వాటిలో 60కి రావాలి, అంటే రెండేళ్లలో 20 మాత్రమే పోగొట్టుకోవచ్చు. ఎనిమిదిలో "ఇంకా టైముందిలే" అని 15 ఎగ్గొట్టిన పిల్లవాడికి తొమ్మిదిలో మిగిలేవి ఐదే. అవి ఒక జ్వరానికీ ఒక పెళ్లికీ సరిపోతాయి. సెలవు చీటీ ఇస్తే సార్ తిట్లు తప్పుతాయి గానీ హాజరు పడదు.

రెండో అడ్డంకి శిబిరం. మామూలుగా పది రోజులుంటుంది, సెలవుల్లోనే పెడతారన్న హామీ లేదు. మొదటి ఏడాది అవకాశం రాగానే పంపేయడం మంచిది. వచ్చే ఏడు చూద్దామని ఆగితే అది తొమ్మిదో తరగతి పరీక్షల మీదకు రావచ్చు, లేదా ఆ ఏడాది మీ బడికి ఇచ్చిన ఖాళీలు తక్కువ కావచ్చు. శిబిరానికి దోమతెర, ప్లేటు, మగ్గు, దుప్పటి, పెట్టెకు తాళం పంపండి. సెల్‌ఫోన్ పంపకండి. కొత్త బూట్లను శిబిరంలోనే మొదటిసారి వేసుకుంటే రెండో రోజుకల్లా కాళ్లు బొబ్బలెక్కుతాయి. రెండు వారాల ముందు నుంచే మందపాటి మేజోళ్లతో ఇంట్లో వేసి నడిపించాలి. పరేడ్‌లో కళ్లు తిరిగి పడిపోయే పిల్లల్లో ఎక్కువమంది ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. ముందు టిఫిన్, నీళ్లు తప్పనిసరి. సావధాన్‌లో నిలబడినప్పుడు మోకాళ్లు బిగబట్టకుండా, బూటు లోపల కాలివేళ్లు కదుపుతూ ఉండమని చెప్పండి.

నమోదు ఫారంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ బడి అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొట్టి అక్షరంగా ఉంటే, నాలుగేళ్ల తర్వాత పదో తరగతి మెమోతో సరిపోలక కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర ఇబ్బంది పడేది పిల్లవాడే.

ఇక మధ్యలో ఆగిపోతే? ఒక్క ఏడాది చేసి మానేస్తే 'ఎ' సర్టిఫికెట్ రాదు, ఆ ఏడాదికి విడిగా విలువ కట్టే మెట్టూ లేదు. కొత్త బడిలో ఎన్‌సీసీ ఉండి, ఖాళీ కూడా ఉంటే బదిలీ చేయించుకోవచ్చు. కానీ ఫౌండేషన్ కోసం మారే బళ్లలో చాలావాటికి ఎన్‌సీసీ ఉండదు. కవాతు, క్రమశిక్షణ, రైఫిల్ పట్టిన అనుభవం పిల్లవాడికి మిగులుతాయి, అవి తక్కువేం కావు. కాగితం మాత్రం మిగలదు.

కోటా విషయానికొస్తే, తెలంగాణ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఎన్‌సీసీకి 1 శాతం, క్రీడలకు 0.5 శాతం సీట్లు ఉంటూ వచ్చాయి. అయితే ఎన్‌సీసీ వాళ్లలోనూ ప్రాధాన్య క్రమం ఉంటుంది, దాంట్లో 'ఎ' సర్టిఫికెట్ ఉన్నవారు 'బి', 'సి' ఉన్నవారి వెనకే నిలబడతారు. సైన్యంలో అధికారి కావడానికి రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి (అధికారులను ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూకు) పిలిచే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి 'సి' సర్టిఫికెట్ కావాలి, అది కాలేజీలో సీనియర్ డివిజన్‌లో వచ్చేది. హైస్కూలు ఎన్‌సీసీ ఆ దారికి తొలి అడుగు, అంతవరకే. పైగా డిగ్రీలో సీనియర్ డివిజన్‌లో కొత్తగా చేరి 'బి', 'సి' తెచ్చుకునే వీలుంది. కాబట్టి హైస్కూల్లో ఎన్‌సీసీ దొరకలేదని ఆ తలుపు మూసుకుపోదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

స్కౌట్స్, గైడ్స్: మెట్టు మెట్టుకూ ఒక కాగితం

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పదేళ్లు నిండితే స్కౌట్‌గానో గైడ్‌గానో చేరవచ్చు. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆ పైన రాజ్య పురస్కార్, చివరగా రాష్ట్రపతి అవార్డు. ప్రవేశ్ దాటాక తృతీయ సోపాన్ దాకా ఒక్కో మెట్టుకు ఆరు నుంచి తొమ్మిది నెలల కనీస గడువుంది. ఎంత చురుకైన పిల్లవాడైనా తృతీయ సోపాన్ చేరేసరికి రెండేళ్లు దాటుతుంది, రాష్ట్రపతి అవార్డుకు ఇంకో ఏడాదికి పైనే పడుతుంది.

అందుకే స్కౌట్స్‌లో చేర్చాల్సింది ఆరో తరగతిలో. ఆరులో ప్రవేశ్ అయితే ఎనిమిది ముగిసేలోపు తృతీయ సోపాన్, తొమ్మిదిలో రాజ్య పురస్కార్ అందుతాయి. ఎనిమిదిలో చేరినవాడికి పదో తరగతి వచ్చేసరికి ద్వితీయ సోపాన్ అయి ఉంటుంది, తృతీయ సోపాన్ పని నడుస్తూ ఉంటుంది.

హాజరు శాతం ఇక్కడ ప్రధానం కాదు, పరీక్షలు ప్రధానం. రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్ లాంటి ముడులు వేసి చూపాలి, ఏది ఎందుకు వాడతారో చెప్పాలి. ప్రథమ చికిత్స, దిక్సూచి, పటం చదవడం, ఆరుబయట పొయ్యి పెట్టి వండడం, హైక్‌కు (కాలినడక యాత్రకు) వెళ్లొచ్చి నివేదిక రాయడం ఇవన్నీ ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిదిమంది పిల్లలు ఒక పెట్రోల్, దానికి ఒక పెట్రోల్ లీడర్. ముడులు చిన్నవాళ్లకు నేర్పేది చాలాసార్లు మాస్టరు కాదు, ఆ లీడరే. పన్నెండేళ్ల పిల్ల ఆరుగురి బాధ్యత మోయడం నేర్చుకునే చోటు బడిలో ఇంకెక్కడా నాకు కనిపించదు.

చేసిన ప్రతి పనీ లాగ్ బుక్‌లో తేదీతో రాసి, స్కౌట్ మాస్టర్‌తోనో గైడ్ కెప్టెన్‌తోనో సంతకం చేయించాలి. పిల్లలు తప్పేది ఇక్కడే. పని చేస్తారు, పుస్తకం రాయరు. రాజ్య పురస్కార్ పరీక్షా శిబిరానికి ముందు రెండేళ్ల సంగతులను ఒక్క రాత్రిలో ఒకే సిరాతో నింపితే, పరీక్షకులు మొదటి పేజీలోనే పట్టేస్తారు. నెలకోసారి తల్లిదండ్రులు ఆ పుస్తకం అడిగి చూస్తే చాలు.

మధ్యలో ఆగితే ఏమవుతుందనే ప్రశ్నకు స్కౌట్స్ చెప్పే జవాబు నాకు నచ్చుతుంది. ద్వితీయ సోపాన్ దగ్గర ఆగినా ద్వితీయ సోపాన్ మీదే. కొత్త బడిలో స్కౌట్ దళం ఉంటే పాత రికార్డు చూపి అక్కడి నుంచే కొనసాగించవచ్చు. బోలైన్ వేయడం వచ్చిన చేతికి అది ఎలాగూ పోదు.

లోటుపాట్లూ ఉన్నాయి. చాలా బళ్లలో స్కౌట్స్ ఆగస్టు 15కీ జనవరి 26కీ స్కార్ఫ్‌లు కట్టి నిలబెట్టడంతో సరి. కాబట్టి చేర్చే ముందు ఈ మూడు విషయాలు అడగండి: స్కౌట్ మాస్టర్ బేసిక్ కోర్సు చేశారా? వారానికి ఒక దళ సమావేశం నిజంగా జరుగుతోందా? గత రెండేళ్లలో ఈ బడి నుంచి ఎంతమంది తృతీయ సోపాన్ పూర్తిచేశారు? మూడో ప్రశ్నకు జవాబు సున్నా అయితే అక్కడ స్కౌట్స్ లేనట్టే, ఎన్‌సీసీ వైపు చూడండి. యూనిఫాం ఖర్చు కూడా సాధారణంగా మీదే. ఉద్యోగాల సంగతి చూస్తే, రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది కానీ పోస్టులు తక్కువ. రాష్ట్రపతి అవార్డు స్థాయి అర్హతతో పాటు ఇటీవలి సంవత్సరాల్లో క్రియాశీల సభ్యుడిగా ఉన్నట్టు ఆధారం అడుగుతారు. పదిలో వదిలేసి ఇరవై ఏళ్లకు సర్టిఫికెట్ తీసి చూపితే సరిపోదు, స్కౌట్స్, గైడ్స్ తర్వాతి పెద్దవాళ్ల విభాగంలో రోవర్‌గానో రేంజర్‌గానో కొనసాగాలి. ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశాల ప్రత్యేక కేటగిరీల్లో కూడా స్కౌట్స్ ఉంది.

స్కూల్ గేమ్స్: గెలిస్తేనే ముందుకు

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాకా నడుస్తాయి. అండర్ 14, 17, 19 విభాగాలు. వయసు లెక్కించేది ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి. అక్టోబరులో పుట్టినవాడు ఆగస్టులో మండల పోటీకి వెళ్లేటప్పుడు వయసు సరిపోయినట్టే కనిపిస్తుంది, తీరా డిసెంబరు లెక్కలో విభాగం దాటిపోతాడు. హెచ్‌ఎం సంతకం చేసిన ఎంట్రీ ఫారం, బోనఫైడ్, జనన ధ్రువపత్రం, ఆధార్ నాలుగింటిలోనూ తేదీ ఒకటే ఉండాలి. ఆధార్‌లో తేదీ తప్పుంటే ఆటల సీజను రాకముందే సరిచేయించండి. పోటీలకు వెళ్లిన రోజులను ఆన్ డ్యూటీగా వేయించే బాధ్యత పీఈటీదే అయినా, తిరిగొచ్చిన వారంలోపు హాజరు పట్టీ చూసుకోవాల్సింది మీరే.

కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటాలో బడి స్థాయి ఆటకు విలువ రావాలంటే రాష్ట్ర జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడి ఉండాలి, దానికి ఫారం 4 అనే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. జిల్లా పతకాలు పది ఉన్నా ఆ ఫారం రాదు. ఆట మీద ప్రాణం పెట్టే పిల్లవాడిని ఆపకండి, శరీరానికీ మనసుకూ అంతకంటే మంచిది లేదు. కానీ సర్టిఫికెట్ కోసమే అయితే ఇది అన్నిటికంటే ఇరుకైన దారి. ఆటతో పాటు ఎన్‌సీసీ కూడా అంటే పరేడ్ రోజే మ్యాచ్ పడినప్పుడల్లా హాజరు తరుగుతుంది. స్కౌట్స్‌తో అయితే సర్దుకోవచ్చు.

మిగతావి క్లుప్తంగా. జూనియర్ రెడ్‌క్రాస్, హరిత దళం లాంటివి ఉంటే చేరనివ్వండి, వేరేవాటికి అడ్డు రావు. స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ ఎనిమిది, తొమ్మిది తరగతులకే, అదీ ఎంపిక చేసిన బళ్లలో. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఇంటర్ నుంచి మొదలవుతుంది, ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు.

మరి ఎవరికి ఏది

ఆరు, ఏడు తరగతుల పిల్లలకైతే, బడిలో పనిచేసే దళం ఉన్నంతవరకూ, నా ఓటు స్కౌట్స్‌కే. ఎనిమిదిలో ఉండి, రెండేళ్లూ ఇదే బడిలో చదువుతాడని మీకు గట్టి నమ్మకం ఉంటే ఎన్‌సీసీ. పదో తరగతికి ముందే పూర్తవుతుంది కాబట్టి చదువుకు అడ్డంకి అన్న భయం అక్కర్లేదు. బడి మార్చే ఆలోచన ఏ మూలనో ఉన్నా ఎన్‌సీసీలో వేయకండి. అక్కడ ఖాళీలు పరిమితం, మీవాడు మానేస్తే పోయేది ఇంకో పిల్లవాడికి దక్కాల్సిన సీటు. ఇప్పటికే స్కౌట్స్‌లో ద్వితీయ సోపాన్ దాటిన పిల్లను ఎనిమిదిలో ఎన్‌సీసీకి మార్చడం కూడా నష్టమే. రెండూ ఒకే సాయంత్రం జరిగే బళ్లలో ఆ పొరపాటు ఎక్కువ. ఆ పిల్లను తృతీయ సోపాన్ ముగించనివ్వండి.

తొమ్మిదిలో ఉన్నవారికి ఎన్‌సీసీ జూనియర్‌లో చేరి ప్రయోజనం లేదు, పదో తరగతి మొదలయ్యేలోపు రెండేళ్లు నిండవు. వాళ్లు ఇష్టమైన ఆట ఆడుకుంటూ పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్‌కు కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ సీనియర్ డివిజన్ ఉందా, ఏ వింగ్ (ఆర్మీ, నేవీ, ఎయిర్), ఎన్ని ఖాళీలు అని ప్రవేశ ఫీజు కట్టకముందే కనుక్కోవాలి.