రాత్రి కుక్కను వదలాలా, కట్టాలా? మంద పక్కన ఇల్లున్నవారికి ఏది మేలు?

గుంటూరు జిల్లాలో తెనాలి, చేబ్రోలు, దుగ్గిరాల వైపు పల్లెల్లో కుక్కను పెంచే పద్ధతి చాలా ఇళ్లలో ఒకటే. పగలంతా గేటు పక్కన గొలుసుతో కట్టేస్తారు, రాత్రి అన్నం పెట్టి వదిలేస్తారు. ఇంటికి కాపలా ఉంటుందని నమ్మకం. చిన్నప్పటినుంచి అదే చూశాను, అదే సరైనదనుకున్నాను. మా చేలో మంద కట్టించిన ఒక వేసవి రాత్రి తర్వాత అలా అనుకోలేకపోతున్నాను.

మినుము తీసేశాక, కాలవలకు నీళ్లు వదిలేలోపు మా చేలు ఖాళీగా ఉంటాయి. అప్పుడే పల్నాడు నుంచి గొర్రెల మందలు దిగుతాయి. రాత్రికి ఇంతని మాట్లాడుకుని మంద కట్టిస్తే, ఆ పెంట, ఆ మూత్రం వరికి మంచి బలం. ఆ ఏడు మా చేలో 200 దాకా గొర్రెలు పడుకున్నాయి. చుట్టూ వల, పిల్లలు గంపల కింద, గట్టు మీద మంచం వేసుకుని కాపరి. తెల్లవారుజామున ఆయన ఫోను చేస్తే పరుగెత్తాను. వల ఒక పక్క నేలకు ఒరిగిపోయి ఉంది. 11 గొర్రెలు చనిపోయాయి. ఒక్కదాన్నీ కుక్కలు తినలేదు. కరిచి చంపినవి 4. మిగతా 7 వల మూలకు ఒకదాని మీద ఒకటి పడి, తొక్కిడిలో ఊపిరాడక పోయాయి. కరిచినవాటికి తొడల మీద, తోక దగ్గర, చెవుల మీద పళ్లగాట్లు. కుక్క వెంటపడి వెనకనుంచి అందుకుంటుంది కాబట్టి గాయాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

"ఊరకుక్కలై ఉంటాయి" అన్నాను. కాపరి తల అడ్డంగా ఊపాడు. "గజ్జె చప్పుడు విన్నాను బాబూ. ఊరకుక్కకు గజ్జె ఎవరు కడతారు?"

ఆ గజ్జె ఏ ఇంటిదో నాకు తెలుసు. వెళ్లేసరికి కుక్క అరుగు మీద నిద్రపోతోంది. పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చింది. మెడపట్టీ సందున గొర్రె బొచ్చు ఇరుక్కుని ఉంది. ఆ ఇంటివారు చెడ్డవాళ్లు కారు. "మాది పసిపిల్లల్నే ఏమీ అనదు" అన్నారు. అది నిజమే. పిల్లల్ని ఏమీ అనని కుక్క గొర్రెల జోలికీ వెళ్లదనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఆకలితో చేసే పని కాదిది. పరుగెత్తేదాని వెంటపడటం కుక్క నైజం. ఒంటరిగా బెదిరే కుక్క కూడా రెండో కుక్క తోడైతే తెగిస్తుంది. ఒకసారి ఆ రుచి మరిగినది మళ్లీ వెళుతుంది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని పొద్దున లేచి దాన్ని బాదితే, రాత్రి చేసినదానికి ఆ దెబ్బలని దానికి అర్థం కాదు.

ఇప్పుడు ఏది మేలో చూద్దాం.

రాత్రి వదిలేయడానికి పెంచేవారు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు: దొంగల భయం, పాముల భయం, కుక్కకూ కాస్త స్వేచ్ఛ. కానీ వదిలిన కుక్క మన వాకిట్లో ఉండదు. అర్ధరాత్రి లేచి చూడండి, పంచలో ఉండదు. అది లేని వాకిలికి కాపలా ఎక్కడిది? మంద దిగిన రోజుల్లో ఈ అలవాటు నేరంతో సమానమని నా అభిప్రాయం.

పోనీ, రాత్రింబగళ్లు గొలుసుతోనే ఉంచితే? గొర్రెలు క్షేమం, కుక్క పాడవుతుంది. మూడడుగుల గొలుసుతో ఏళ్లతరబడి ఉన్న కుక్క చుట్టూ నేల గుండ్రంగా అరిగిపోయి ఉండటం మీరూ చూసే ఉంటారు. అది గాలికీ మొరుగుతుంది, ఆకుకీ మొరుగుతుంది, దాంతో దాని మొరుగుడును ఇంట్లోవాళ్లే పట్టించుకోరు. కొక్కెం ఊడిన రోజున దాని ఉరుకు ఆపతరం కాదు. పైగా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతో లేదా మోయలేని బరువు గొలుసుతో అన్యాయంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా అందులో నేరంగానే ఉంది.

జాలీ గది, ఎత్తైన ప్రహరీ ఉంటే సమస్యే లేదు. ఖర్చు భరించగలవారు అదే చేయాలి, గేటు కింద సందు మాత్రం మూయాలి.

మిగతా అందరికీ నేను చెప్పేది తీగ పద్ధతి. రెండు కొబ్బరి చెట్ల మధ్య, లేదా పాతిన రెండు స్తంభాల మధ్య, మనిషి తలకు తగలనంత ఎత్తున 30 అడుగుల గట్టి ఇనుప తీగ లాగి కడతారు. దానికి ఒక ఇనుప రింగు తొడిగి, రింగుకు గొలుసు వేస్తారు. కుక్క ఈ చివరనుంచి ఆ చివరకు నడుస్తుంటే రింగు తీగ మీద జారుతూ పోతుంది. చెట్టుకు మూడు నాలుగడుగుల ముందే తీగకు ఒక అడ్డు బిగించాలి, లేకపోతే గొలుసు మొదలుకు చుట్టుకుంటుంది. గొలుసు మెలిపడకుండా తిరిగే కొక్కెం ఉండాలి. కుక్క పడుకోవడానికి వీలైనంత పొడవు ఉండాలి గానీ గోడ ఎక్కేంత ఉండకూడదు. గోడ దూకి అవతల వేలాడితే ఉరి పడుతుంది. నీళ్ల గిన్నె, నీడ ఆ దారిలోనే ఉంచాలి. తీగ ఉంది కదా అని బాధ్యత తీరదు. పొద్దున, సాయంత్రం చేత్తో పట్టుకుని తిప్పాలి. వాకిలి పొడవునా తిరిగే కుక్క ఇల్లు కాస్తుంది, కుక్కకు ఒళ్లు కదులుతుంది, మంద భద్రంగా ఉంటుంది. ఈ మూడూ తక్కువ ఖర్చులో కుదిరేది నాకు తెలిసి ఇదొక్కటే. మగకుక్కకు ఆపరేషన్ చేయిస్తే ఊరి మీద తిరిగే యావ కూడా తగ్గుతుంది.

మా మంద విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రాత్రి కాదు, తర్వాతి రోజులు. చావని గొర్రెల్లో 3 సూడివి పది రోజుల్లో ఈచుకుపోయాయి, అంటే వాటి కడుపులోని పిల్లలు పోయాయి. కాటుపడి బతికిన వాటికి రేబిస్ భయం. పుండు మీద కారం పెట్టమన్నవాళ్లు ఉన్నారు. గుంటూరు జిల్లాలో కారానికి కొదవ లేదు గానీ, పుండు మీద కారం, సున్నం పెట్టకూడదు. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి, డాక్టరు చెప్పిన రోజుల్లో టీకాలన్నీ వేయించాలి. గాయాలు ముట్టుకున్న కాపరి కూడా ఆస్పత్రికి వెళ్లి చూపించుకోవాలి. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలి. ఇక్కడే పెంచేవారు పెద్ద తప్పు చేస్తారు: గొడవ అవుతుందని కుక్కను రాత్రికిరాత్రి చుట్టాల ఊరికి పంపేస్తారు. అప్పుడు దానికి రోగం ఉందో లేదో తెలిసే దారి మూసుకుపోతుంది. మీ కుక్క తప్పు చేస్తే దాన్ని కనపడేలా ఉంచండి, టీకా కార్డు తెచ్చి చూపించండి. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా టీకా వేస్తారు కాబట్టి కార్డు లేదనడానికి సాకు లేదు.

నష్టపరిహారానికి దారులు మూడు: పెద్దమనుషులు, పోలీసులు, లోక్ అదాలత్. పెద్దమనుషుల మాట త్వరగా తెగుతుంది, కానీ పరాయి ఊరి కాపరి వైపు మాట్లాడేవాళ్లు తక్కువ. చనిపోయినవాటికి లెక్క కడతారు, ఈచుకుపోయినవాటిని వదిలేస్తారు. పోలీసుల దగ్గరకు వెళితే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా అంటుంది గానీ, అది మనుషుల ప్రాణానికి, తీవ్ర గాయాలకు సంబంధించింది. గొర్రెల మాట అందులో లేదు. 1871 నాటి చట్టం గొర్రె పరుల చేలో పడితే బందెలదొడ్డికి తోలమంటుంది. కుక్క పరుల మందలో పడితే తోలడానికి దొడ్డి లేదు. బ్రిటన్‌లో 1953 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. గాయపడేలా, ఈచుకుపోయేలా తరిమినా అక్కడ నేరమే. నా మాట వింటే కాపరి కోర్టు ఫీజు లేకుండా లోక్ అదాలత్‌కు వెళ్లాలి. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పశువైద్యుడి పోస్టుమార్టం కాగితం, ఫొటోలు చేతిలో ఉండాలి. బీమా ఉంటే డాక్టరు చూసేదాకా పూడ్చకూడదు, గొర్రె చెవికి వేసిన బీమా పోగు పారేయకూడదు. కడుపుమంటతో మాంసంలో విషం కలిపి వేయడం మాత్రం ఎన్నటికీ వద్దు. అది అదే సంహితలో 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలుపడే నేరం, ఏ పాపం తెలియని జీవాలూ చస్తాయి.

నా వంతు తప్పు కూడా ఉంది. మంద కట్టించింది నేను. చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి, ఫలానా రోజునుంచి మా చేలో గొర్రెలుంటాయి, కుక్కల్ని కట్టుకోండి అని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఈ వేసవిలో మంద దిగడానికి వారం ముందే ఆరు ఇళ్లకూ వెళ్లాను. గజ్జె కుక్క ఇంటివారు అప్పటికే కొబ్బరి చెట్ల మధ్య తీగ లాగారు. ఇంకో నాలుగు ఇళ్లవారు లాగిస్తామన్నారు. చివరి ఇంటాయన మాత్రం "మాది ఎక్కడికీ వెళ్లదు" అన్నాడు. రేపు తీగ చుట్ట నేనే తీసుకుని మళ్లీ వెళుతున్నాను.