ఫ్లైట్ ఫాలోయింగ్: శిక్షణ జెట్లు తిరిగే ఆకాశంలో చిన్న విమానానికి ఎంత భరోసా?

అమెరికాలో చిన్న విమానాలు నడిపే పౌర పైలట్లకు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అందించే సేవల్లో ఏది అన్నిటికన్నా విలువైనదని అడిగితే, నేను ఫ్లైట్ ఫాలోయింగ్ పేరే చెబుతాను. రేడియోలో కంట్రోలర్‌ను పిలిచి మన విమానం రకం, ఉన్న చోటు, ఎత్తు, వెళ్లవలసిన గమ్యం చెబితే నాలుగంకెల కోడ్ ఇస్తారు. దాన్ని రాడార్‌కు జవాబిచ్చే పరికరమైన ట్రాన్స్‌పాండర్‌లో పెట్టాక మనల్ని రాడార్‌లో గుర్తించి, దగ్గరకు వచ్చే ఇతర విమానాల గురించి హెచ్చరిస్తారు. దీనికి రుసుమేమీ లేదు.

ఈ సేవ అసలు విలువ తెలిసేది సైనిక శిక్షణకు కేటాయించిన మిలిటరీ ఆపరేషన్స్ ఏరియాల దగ్గర. పైలట్ల మాటల్లో వీటి పేరు మోవా. కంటితో బయటకు చూస్తూ నడిపేందుకు ఉన్న వీఎఫ్ఆర్ నిబంధనల కింద ఎగిరే పౌర పైలట్ ఎవరి అనుమతీ లేకుండానే వీటిలోకి ప్రవేశించవచ్చు; అదే సమయంలో అక్కడ జెట్లు ఒక్కసారిగా పైకి లేస్తూ, పల్టీలు కొడుతూ సాధన చేస్తుండవచ్చు. వేళలు, ఎత్తులు చార్టు (విమానయాన పటం) అంచున ముద్రించి ఉంటాయి గానీ, ఈ క్షణాన ఆ ప్రాంతం హాట్‌గా, అంటే శిక్షణ సాగుతూ ఉందా లేదా అన్నది రేడియోలో అడిగి తెలుసుకోవడమే మేలు.

పన్నెండు గంటల దిశలో, అంటే సరిగ్గా ఎదురుగా, ఐదు మైళ్ల దూరంలో జెట్ ఉందని కంట్రోలర్ చెప్పారనుకుందాం. అది 400 నాట్లతో (గంటకు 400 నాటికల్ మైళ్ల వేగంతో), మనం 120 నాట్లతో ఎదురెదురుగా వస్తుంటే, ఆ ఐదు నాటికల్ మైళ్లు 35 సెకన్లలోపే కరిగిపోతాయి. కంటపడిన విమానాన్ని గుర్తించి, ప్రమాదాన్ని గ్రహించి తప్పుకోవడానికే 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్ఏఏ మార్గదర్శకం చెబుతుంది. ఆ హెచ్చరిక లేకపోతే మిగిలే వ్యవధి ఎంతో ఊహించుకోవచ్చు.

అయినా దీన్ని రక్షణ కవచం అనుకోకూడదు. కంట్రోలర్‌కు తీరిక ఉంటేనే ఈ సేవ దొరుకుతుంది. ఒకసారి మోవా అంచుకు చేరిన సమయానికే, ఫ్రీక్వెన్సీలో రద్దీ వల్ల, నాకు సేవ ఆపేశారు. సైనిక విమానాలు ఎక్కువగా యూహెచ్ఎఫ్ అనే వేరే రేడియో బ్యాండ్‌లో మాట్లాడతాయి కాబట్టి, వీహెచ్ఎఫ్ బ్యాండ్‌లో ఉన్న మనకు కంట్రోలర్ మాటలు వినిపిస్తాయే తప్ప జెట్ పైలట్ ఇచ్చిన జవాబు వినిపించదు. అతనికి మనం కనిపించామో లేదో తెలుసుకోవాలంటే కంట్రోలర్‌నే మళ్లీ అడగాలి. పైగా జట్టుగా ఎగిరేటప్పుడు సాధారణంగా ముందున్న విమానం ట్రాన్స్‌పాండరే పనిచేస్తుంది. అందుకే తెరపై ఒకటిగా కనిపించేది నిజానికి రెండో నాలుగో కావచ్చు, ఒకటి కనిపించగానే వెతకడం మానకూడదు.

రెండు విమానాల్లో ఒకటే కంట్రోలర్‌తో మాట్లాడుతుంటే ఏమవుతుందో 2015 జులై 7న దక్షిణ కరోలినాలోని మాంక్స్ కార్నర్ దగ్గర తెలిసింది. అది మోవాలో జరిగిన ఘటన కాదు. ఎఫ్-16 యుద్ధవిమానం పైలట్ కంట్రోలర్‌తో మాట్లాడుతున్నాడు, అప్పుడే బయలుదేరిన చిన్న విమానం సెస్నా 150 మాట్లాడడం లేదు. రెండూ ఢీకొన్నాయి, సెస్నాలోని ఇద్దరూ మరణించారు, ఎఫ్-16 పైలట్ ఎజెక్ట్ అయి బయటపడ్డాడు. రెండూ ఢీకొనే ముప్పును కంట్రోలర్ సరిగ్గా పరిష్కరించకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది, కంటితో చూసి తప్పుకోవడానికి ఉన్న పరిమితులను కూడా ఎత్తిచూపింది. బయలుదేరిన వెంటనే కంట్రోలర్‌ను పిలవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది తక్కువ ఎత్తులో అందకపోవడం. మోవా అడుగున, నేలకు దగ్గరగా వెళితే సురక్షితమని కొందరు భావిస్తారు. కానీ చార్టులో వీఆర్ అనే అక్షరాల తర్వాత నాలుగంకెలు ఉన్న సైనిక శిక్షణ మార్గాల్లో జెట్లు నేల నుంచి 1,500 అడుగుల లోపే, 250 నాట్లకు మించిన వేగంతో వెళతాయి. రాడార్ చూపు సరిగా ఆననిదీ అక్కడే. అలాంటి దారి దాటవలసి వస్తే ముందే పైలట్లకు సమాచారమిచ్చే ఫ్లైట్ సర్వీస్‌కు ఫోన్ చేసి ఆ మార్గం వాడుకలో ఉందేమో కనుక్కుని, దాని వెంట కాకుండా అడ్డంగా, తిన్నగా దాటుతాను.