స్క్రీన్‌షాటా, టీఎల్ఈనా, ఆపరేటర్ సొంత లెక్కా? శాటిలైట్ ఎక్కడుందో చెప్పడానికి ఏది మేలు?

కళింగపట్నం బీచ్‌లో సాయంత్రం స్పేస్ స్టేషన్ చూద్దాం రండి అని గ్రూపులో ఒకరు పెట్టగానే వెనకే నాలుగు రకాల టైములు దిగిపోతాయి, అందులో ఏది నమ్మాలో ఎవరికీ తెలీదు, అందుకే దేనికి ఏది పనికొస్తుందో రాస్తున్నా.

స్టేషన్ ఎప్పుడొస్తుందో చెప్పే యాప్ స్క్రీన్‌షాట్ సంగతి ముందు తేల్చేద్దాం. హైదరాబాద్ లొకేషన్‌తో తీసిన టైము చూసుకుని శ్రీకాకుళంలో మేడెక్కడం అంటే పలాస టైము పట్టుకుని ఆమదాలవలస ప్లాట్‌ఫాం మీద నిలబడ్డమే. స్టేషన్ సుమారు 420 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకి 7.6 కిలోమీటర్ల పైన పోతుంది, హైదరాబాద్ మనకి ఐదొందల కిలోమీటర్ల పైమాటే, అక్కడ నడినెత్తి మీంచి వెళ్ళేది మనకి పడమటివైపు బాగా కిందకి కనపడొచ్చు. పైగా కొన్ని సైట్లు యూటీసీ చూపిస్తాయి, దానికి ఐదున్నర గంటలు కలపాలి, అది మర్చిపోతే ఇక "ఏటి బావా, ఏదీ రాలేదేటి" అనే మెసేజిలే.

టీఎల్ఈ అంటే శాటిలైట్ ఏ కక్ష్యలో తిరుగుతోందో చెప్పే రెండు లైన్ల అంకెలు, లైనుకి 69 అక్షరాలు. అమెరికా స్పేస్ ఫోర్స్ వాళ్ళు రాడార్లతో చూసి తయారుచేస్తారు, స్పేస్-ట్రాక్ సైట్లో ఫ్రీ అకౌంట్ తీసుకుంటే వస్తాయి, సెలెస్‌ట్రాక్‌లో అయితే అకౌంట్ కూడా అక్కర్లేదు, మన ఫోన్లో యాప్‌లు చాలావరకు వీటి మీదే నడుస్తాయి. తాజాగా ఉన్నప్పుడు తేడా ఒక కిలోమీటర్ అటూఇటూ, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఆ వేగంలో కిలోమీటరంటే సెకనులో ఏడో వంతు కూడా లేదు కాబట్టి చూసే కంటికి అదేం లెక్క కాదు, మనకి ఇదే మేలు. శాటిలైట్ల ద్వారా మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ళకీ ఇదే చాలు.

కాకపోతే దాని వయసు చూడాలి. మొదటి లైన్లో 19వ అక్షరం నుంచి సంవత్సరం చివరి రెండంకెలు, ఆ తర్వాత ఆ ఏడాదిలో ఎన్నో రోజో ఉంటుంది. స్టేషన్‌ని అప్పుడప్పుడు ఇంజిన్లు వెలిగించి పైకి లేపుతుంటారు, వేగం సెకనుకి ఒక్క మీటరు మారినా ఒక రోజు తిరిగేసరికి దాదాపు 260 కిలోమీటర్లు, అంటే అర నిమిషం పైనే తేడా వచ్చేస్తుంది, అలాంటప్పుడు పాత టీఎల్ఈ ఎవరికీ పంపకండి.

అదే కిలోమీటరు తేడా శాటిలైట్లు గుద్దుకుంటాయా లేదా అని చూసేవాళ్ళకి మాత్రం ప్రాణం మీదకొస్తుంది. 2009 ఫిబ్రవరి 10న పనిచేస్తున్న ఇరిడియం 33, ఎప్పుడో చచ్చిపోయిన కాస్మోస్ 2251 సైబీరియా పైన సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో గుద్దుకున్నాయి, టీఎల్ఈ లెక్క ప్రకారం ఆ రెండూ 584 మీటర్ల దూరంలో తప్పుకుపోవాలి. లెక్కలోనే కిలోమీటరు తేడా ఉన్నప్పుడు 584 మీటర్లంటే తప్పుకున్నట్టా, తగిలినట్టా? రెండు వేలకి పైగా ముక్కలయ్యాయి.

అక్కడ మేలు ఆపరేటర్, అంటే ఆ శాటిలైట్‌ని నడిపేవాళ్ళ సొంత లెక్కే. చాలా శాటిలైట్లలో జీపీఎస్ ఉంటుంది, అందుకని మీటర్లలో తెలుస్తుంది, అంతకన్నా ముఖ్యం రేపు ఎప్పుడు ఇంజిన్ వెలిగిస్తారో వాళ్ళకే తెలుసు, రాడార్‌కి అది జరిగాకే తెలుస్తుంది. కానీ ఆ లెక్క సొంత కంప్యూటర్లో దాచుకుంటే పక్కవాడికేం ఉపయోగం? స్టార్‌లింక్ వాళ్ళు రాబోయే రోజుల లెక్క కూడా బయట పెడుతున్నారు, ఎవరేమన్నా నాకు ఆ పని నచ్చింది. మన చంద్రయాన్-3 లాంచ్ కూడా ఒక శకలం దగ్గరకి రాకుండా 4 సెకన్లు ఆపారు, ఆ లెక్క చెయ్యాలంటే పైన ఏది ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇక కాస్మోస్ లాంటి చచ్చిన వాటికి లెక్క చెప్పే దిక్కే ఉండదు, వాటికి మళ్ళీ రాడారే గతి, అందుకే రెండూ కావాలి.

మన గ్రూపుకైతే లొకేషన్ శ్రీకాకుళం అని పెట్టిన లింక్ పంపండి, లేదా ఆ రెండు లైన్లూ యథాతథంగా పెట్టండి. స్క్రీన్‌షాటే పెడతానంటే ఊరి పేరూ తీసిన తేదీ కనపడాలి, ఆ రెండూ కట్ చేసి ఉత్త బాణం బొమ్మ పంపితే డిలీట్ చేసేస్తా, అడ్మిన్‌ని నేనే కదా.