తర్వాతి వెర్షన్ ఉచితం అన్నారని ముందే డబ్బు కట్టకండి

"కొత్త వెర్షన్ త్వరలో వస్తోంది, ఇప్పుడు కొంటే అది ఉచితం" అనే మాట చూసి ఏ సాఫ్ట్‌వేర్‌కైనా డబ్బు కట్టబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. నేను ఆ మాట నమ్మి 2018లో కట్టాను. ఆ వెర్షన్ 2022లో వచ్చింది. వచ్చాక మళ్లీ డబ్బు కట్టమన్నారు.

అది ఫొటోలు సర్దుకుని, దిద్దుకునే ప్రోగ్రాము. కంపెనీ పేరు రాయడం లేదు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాను. పిల్లలు పుట్టినప్పటి నుంచి ప్రతి ఫొటోకీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలన్నీ అందులోనే రాసుకున్నాను. అంత చక్కగా చేతికి అలవాటైన ప్రోగ్రాము ఇంకొకటి నాకు దొరకలేదు. ఆ ఇష్టంతోనే ఇన్నేళ్లు ఎదురుచూశాను.

మొదట "ఈ ఏడాది చివరికి" అన్నారు. తర్వాత "వేసవికి" అన్నారు. ప్రతిసారీ రెండు మూడు నెలలే జరిపేవారు కాబట్టి, ఇంకొంచెమేగా అనుకునేదాన్ని. నేను దెబ్బతిన్నది అక్కడే. వాయిదా మీద వాయిదా పడుతుండగా రీఫండ్ అడిగే గడువు దాటిపోయింది. కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేసే గడువూ దాటిపోయింది. కొన్న పేజీలో పెద్ద అక్షరాలతో "తర్వాతి వెర్షన్ ఉచితం" అని ఉంది. లైసెన్సు ఒప్పందంలో మాత్రం "కొన్న రోజు నుంచి 12 నెలల్లో విడుదలయ్యే అప్‌డేట్లు" అని రాసి ఉంది. ఆ వాక్యం నేను చదివింది నాలుగేళ్ల తర్వాత, వాళ్లు దాన్ని నాకు చూపించినప్పుడు.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చిపడింది. నాది మ్యాక్ కంప్యూటర్. నా దగ్గరున్నది 32-బిట్ ప్రోగ్రాము, అంటే పాత తరం కంప్యూటర్ల కోసం రాసినది. 2019లో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్‌ఓఎస్ కాటలీనాలో 32-బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. ఆ సంగతి ముందే చెప్పారు కాబట్టి నేను దానికి ముందు వెర్షన్ అయిన మొజావేలోనే ఉండిపోయాను. 2021 తర్వాత దానికి భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. ఒక్క ప్రోగ్రాము కోసం కంప్యూటర్ మొత్తాన్ని పాతదిగా ఉంచుకుని, అందులోనే ఇంటి లెక్కలన్నీ చూసుకున్నాను. మీరు మాత్రం అలా చేయకండి.

ఆలస్యం కావడమే తప్పని నేను అనను. పాత కోడ్ పక్కనపెట్టి మొదటి నుంచి రాయాలనుకుంటే ఎంత పెద్దవాళ్లకైనా ఏళ్లు పడుతుంది. నెట్‌స్కేప్ బ్రౌజర్ నాలుగో వెర్షన్ 1997లో వచ్చింది, ఐదోది రానే లేదు, ఆరోది 2000 నవంబరులో వచ్చింది. లాంగ్‌హార్న్ అని మొదలైన విండోస్‌ పనిని 2004లో దాదాపు మళ్లీ మొదటికి తెచ్చుకోవాల్సి వచ్చింది, విస్టాగా అది జనానికి అందింది 2007 జనవరిలో. ఫొటోలు దిద్దే గింప్ ప్రోగ్రాము 3.0 వెర్షన్ కోసం కూడా 2025 మార్చి దాకా ఆగాం. కానీ అది ఉచితం. మధ్యలో పాత వెర్షన్ 2.10కి అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, తయారవుతున్న వెర్షన్‌ను 2.99 పేరుతో ఎవరైనా దించుకుని చూడగలిగారు. పని ఎక్కడిదాకా వచ్చిందో కళ్లకు కనిపించింది. నా విషయంలో కనిపించినవి నాలుగు స్క్రీన్‌షాట్లు మాత్రమే.

కాబట్టి ఈ రోజు మీ చేతికొచ్చే వెర్షన్ ఆ ధరకు తగినదేనా అని మాత్రమే చూడండి. ఉచిత అప్‌గ్రేడ్ అంటే ఏ గడువు వరకో, ఆ గడువులో విడుదల కాకపోతే ఏం చేస్తారో మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. జవాబు రాకపోతే కొనకండి. ఒక వాయిదా పడగానే, రీఫండ్ గడువు ఇంకా ఉండగానే, డబ్బు వెనక్కి అడగండి. లీకైన బీటా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) అంటూ తిరిగే ఫైళ్ల జోలికి అసలు పోవద్దు. ఆశగా ఎదురుచూసేవాళ్ల కోసమే వాటిలో వైరస్‌లు పెట్టి వదులుతారు.

డబ్బు పోయినందుకు కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. ఇలాంటి ప్రోగ్రాములు మనం చేసిన దిద్దుబాట్లను ఫొటోలో కలపవు, తమ కేటలాగు ఫైలులో సూచనలుగా రాసుకుంటాయి. కొత్త వెర్షన్ నా పాత కేటలాగును తెరిచింది, ఆల్బమ్‌లు వచ్చాయి, దిద్దుబాట్లు మాత్రం రాలేదు. పాత వెర్షన్ తెరుచుకుంటున్నప్పుడే దిద్దిన ఫొటోలను టిఫ్ లేదా జేపెగ్‌గా బయటకు తీయండి, ట్యాగులను (ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలను) వేరే ప్రోగ్రాములూ చదవగలిగే ఎక్స్‌ఎంపీగా రాయించండి. పాత కంప్యూటర్‌ను తొందరపడి ఫార్మాట్ చేయకండి. లైసెన్సును సరిచూసే కంపెనీ యాక్టివేషన్ సర్వర్ మూసేసి ఉంటే ఆ ప్రోగ్రాము మళ్లీ ఎక్కదు.

నా పాత మ్యాక్‌కి ఇప్పుడు నెట్ తీసేశాను. రోజూ రాత్రి ఒక్కో ఫోల్డర్ బయటకు తీస్తున్నాను. 2014 ఫొటోల వరకు అయింది.